ఈ వారం సమస్య: మితము మించిన వానికే మేలు గలుగు

నిర్వాహకుడు (నెల్లూరు): ఇది తేటగీతి పద్యంలో చివరి పాదం, అర్థం పొసిగేలా పై మూడు పాదాలు మీరు రాయడమే పూరణ. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కలిసే అక్షరం, ఇక్కడ మి–మే. 'మితం' అంటే తక్కువ అనుకొని రాసేవారే ఎక్కువ. కొలవడమనే అర్థమున్న 'మా' ధాతువు నుంచి వచ్చిన మాట అది, మితమంటే కొలిచినది. మితభాషి మూగవాడు కాడు, మితాహారి పస్తులుండడు. పూరణ రాసే ముందు ఇది గుర్తుంచుకోండి.

పెన్నగట్టు:
పులుసు రుచియని కడుపెల్ల పొంగఁ దినుచు
రాత్రి నిదురను బాసిన రసికవరుడు
సోడ బుడ్డినిఁ బట్టి తా సుద్దులనియె
"మితము మించిన వానికే మేలు గలుగు?"

నిర్వాహకుడు: 'వానికి ఏ మేలు' అని విరిచి ప్రశ్నగా మార్చారు, భేష్. చేపల పులుసు మన ఊరిదేనని వేరే చెప్పాలా! 'తినుచు' మాత్రం పొసగలేదు. తింటూనే రాత్రంతా మేలుకున్నాడా? 'పొంగ మెక్కి' అనండి. గణం చెడదు, ఆ రసికుడి తీరుకు మాట కూడా సరిపోతుంది.

మూలాపేట:
విద్య నార్జించు వేళలో విసుగు లేక
పెన్న యొడ్డునఁ దిక్కన్న పేర్మిఁ దలచి
పదియు నైదగు పర్వముల్ పట్టి చదివి
మితము మించిన వానికే మేలు గలుగు

ఒంగోలు: విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తిక్కనవే, కాదనను. భారతంలో నన్నయ సగంలో విడిచిన అరణ్యపర్వశేషం రాసిన మా ఎర్రన ఊసేదండీ? అసలు సిసలు పూరణం ఆయనదే కదా!

కందుకూరు: 2022లో మమ్మల్ని ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిపారు. కాబట్టి ఇద్దరూ మావాళ్ళే. తగవు మీరు పడండి.

కొత్త సభ్యుడు: మూడో పాదం ఇలా ఉండవచ్చా?
మాట తగ్గిన వేళనే గౌరవమ్ము

నిర్వాహకుడు: భావం బాగుంది, 'మా'కు 'గౌ'తో యతి కుదరదు. 'మాట తగ్గిన వేళనే మాన మబ్బు' అంటే సరి. మొదటి రెండు పాదాలు మీరే రాయండి.

కందుకూరు:
రొయ్య పిల్లల రెట్టించి రొక్కమెంచి
చెరువుఁ గోల్పోయి వగచెడు చెలిమికాడ!
ఆశ యంతము లేనిది యనఁగ నపరి
మితము మించిన వానికే మేలు గలుగు

నిర్వాహకుడు: 'అపరి'ని పై పాదం చివర దాచి సమస్య కోరలు పీకేశారు. చెరువులో పట్టనన్ని పిల్లలు వదిలితే ఏమవుతుందో కోస్తా మండలాలవారిని అడగనక్కరలేదు. ఈ వారానికి నా ఓటు దీనికే.

ఒంగోలు: ఒక సందేహం. కొలతకు అందనిదే అపరిమితం. దాన్ని మించడం ఎలాగండీ?

కందుకూరు: మించడమంటే ఇక్కడ దాటడం, జయించడం. ఆశను గెలిచినవాడని నా భావం.

ఒంగోలు: వివరణ ఒప్పుకుంటాను. పద్యం పక్కన మీరు నిలబడి చెప్పాల్సి వచ్చింది కనుక అర మార్కు కోత!