ఇంప్లాంట్ అయ్యాక ఇంట్లో సైగలు మానేయాల్సిందేనా?

చిన్నూ అమ్మ, ఖమ్మం:
మా బాబుకి మూడేళ్ళు. వినపడని పిల్లలకి చెవి లోపల పరికరం పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అయి పది నెలలైంది. మెషిన్ స్విచ్ ఆన్ చేసిన రోజు నుంచీ థెరపీ మేడమ్‌ది ఒకటే మాట: "సైగలు బంద్ చేయండి, లేకపోతే మాట రాదు." మా వీధి చివర టైలరింగ్ చేసే ఆవిడ బధిరురాలు. వారానికోసారి ఇంటికొచ్చి మాకందరికీ సైగభాష నేర్పిస్తానంటోంది. అత్తయ్య ససేమిరా అంటోంది. రమ్మనమంటారా, వద్దంటారా?

రమణ, గుంటూరు:
వద్దమ్మా. మా పాపకి ఏవీటీ (వినడం ద్వారానే మాట నేర్పే థెరపీ) ఒక్కటే చేయించాం, సైగ జోలికే పోలేదు. ఇప్పుడు వేమన పద్యం అప్పజెబుతోంది. 2017లో గీర్స్ అనే పరిశోధకురాలి బృందం 97 మంది ఇంప్లాంట్ పిల్లల్ని చూసి పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో రాసింది: సైగలు వాడని ఇళ్ళ పిల్లలే మాటలోనూ చదవడంలోనూ ముందున్నారట. ఉన్న కాస్త సమయాన్నీ రెండు భాషలకి పంచితే రెండూ అరకొరే అవుతాయి.

మౌనమిత్ర:
రమణగారూ, దాని మీద వచ్చిన విమర్శలు కూడా చదవండి. సైగలు వాడామన్న ఆ ఇళ్ళలో చాలామంది మాటతో పాటు నాలుగు సైగలు కలిపినవాళ్ళే. అసలు సైగభాష వాళ్ళకి రాదు. మరి తప్పు భాషదెలా అవుతుంది?

నేను బధిరుణ్ణి. చిన్నప్పుడు నాకూ పెదాలు చూడడమే నేర్పారు. పాప, మామ: రెండూ పెదాల మీద ఒకేలా ఉంటాయి. "మామ వచ్చాడు" అంటే చెల్లి లేచిందనుకుని ఉయ్యాల దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. అందరూ నవ్వేవారు. ఎందుకో నాకు తెలిసేది కాదు.

ఆ టైలరమ్మ చేస్తానంటున్నది కొత్తేమీ కాదు. అమెరికాలో యూటా రాష్ట్రంలో 1990లలోనే బధిరులైన పెద్దల్ని ఇళ్ళకి పంపించారు. పిల్లాడికి భాషా దొరికింది, పెద్దయ్యాక తనెలా ఉంటాడో కళ్ళెదుట ఒక మనిషీ కనబడ్డారు.

రమణ, గుంటూరు:
వాళ్ళకి జీతాలిచ్చి, శిక్షణ ఇచ్చి పంపారు సార్. ఇక్కడ ఒక్కో ఊళ్ళో ఒక్కో సైగ. ఏది నేర్పుతారు?

మౌనమిత్ర:
ఢిల్లీలో భారతీయ సైగభాషా పరిశోధన కేంద్రం 2015లో పెట్టారు. 2021కల్లా వాళ్ళ నిఘంటువులో పదివేల పదాలు చేరాయి. తేడాలుంటాయి, ఉండనివ్వండి. మీ గుంటూరు తెలుగూ ఆవిడ ఖమ్మం తెలుగూ ఒకటేనా? మెషిన్ మానేయమని ఎవరూ అనడం లేదు.

చిన్నూ అమ్మ, ఖమ్మం:
మొన్న రాత్రి వాడికి జ్వరం. చెవి బయటి మెషిన్ తీసి డ్రై బాక్సులో పెట్టేశాను. అది లేకపోతే వాడికి నా మాట వినపడదు. నా చెయ్యి లాక్కుని ఒకసారి బుగ్గ మీద, ఒకసారి చెవి మీద పెట్టుకుని ఏడుస్తాడు. పన్నా, చెవా? అడగడానికి నా దగ్గర ఏమీ లేదు. తెల్లారేదాకా ఎత్తుకుని తిరిగాను. శనివారం రమ్మన్నాను ఆవిణ్ణి. థెరపీ మానను రమణన్నా, భయపడకండి.

అత్తయ్యకి ఇంకా కోపమే. కానీ జాకెట్లు కుట్టించుకునేది ఆవిడ దగ్గరే. మెడ ఎంత లోతు, చేతులు ఎక్కడిదాకా, కిందటిసారి ఎక్కడ బిగుతైంది... పావుగంట గొడవ, అంతా చేతుల్తోనే.