"ఫోర్ వెడ్డింగ్స్ అండ్ ఎ ఫ్యునరల్": హెన్రియెట్టా సంగతి ఎవరికీ పట్టదా?

మ్యాట్నీషో:
1994లో వచ్చిన ఈ బ్రిటిష్ సినిమా మొన్న మళ్లీ చూశాను. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. చార్లెస్ (హ్యూ గ్రాంట్) స్నేహితుల గుంపుతో అందరి పెళ్లిళ్లకీ తిరుగుతుంటాడు, తను మాత్రం చేసుకోడు. మొదటి పెళ్లిలోనే కారీ అనే అమెరికా అమ్మాయి మీద మనసు పారేసుకుంటాడు. ఆమె వయసులో పెద్దవాడు, డబ్బున్నవాడు అయిన హేమిష్‌ని చేసుకుంటుంది. ఇతనేమో పాత గర్ల్‌ఫ్రెండ్ హెన్రియెట్టాతో పెళ్లికి సిద్ధమవుతాడు. తీరా పెళ్లి రోజు కారీ చర్చికి వచ్చి, మొగుడితో విడిపోయానని చెబుతుంది. అంతే, బాబు పాస్టర్ ముందు నిలబడి తన మనసులో వేరే అమ్మాయి ఉందని ఒప్పుకుంటాడు. హెన్రియెట్టా ముఖం పగిలేలా ఒక్కటి ఇస్తుంది. మనం నవ్వుతాం. ఆ తర్వాత వానలో హీరో హీరోయిన్ల ముద్దు, శుభం కార్డు.

నా గొడవల్లా ఇదే. ఆ ఒక్క గుద్దుతో ఆమె లెక్క తీరిపోయిందా? సినిమా పొడుగునా ఆ పిల్లని ఏడుపుగొట్టుదానిలా చూపించారు, వెనకాల "డక్‌ఫేస్" (బాతుముఖం) అని పేరు పెట్టారు. రచయిత రిచర్డ్ కర్టిస్ తెలివంతా అక్కడే ఉంది. ముందే ఆమెని నవ్వులపాలు చేసి పెడితే చివర్లో హీరో మీద మనకి కోపం రాదు. అసలు చార్లెస్ గురించి సినిమాలో నిజం మాట్లాడిన మనిషి ఆవిడే. ఒకరి తర్వాత ఒకరితో తిరుగుతావు, ఎవర్నీ దగ్గరికి రానివ్వవు అని మొహం మీదే అంటుంది. ఆ మాటే చివరికి ఆమె పెళ్లి రోజున నిజమైంది.

గోదారిగట్టు:
మ్యాట్నీ గారూ, అన్యాయం జరిగిందనుకుందాం. మరి ఏం చేయాలంటారు? మనసులో ఒకరిని పెట్టుకుని ఇంకొకరితో ఉంగరాలు మార్చుకోవాలా? పీటల మీద పెళ్లి ఆగితే పరువు పోతుంది, నిజమే. పెళ్లయ్యాక తెలిస్తే జీవితం పోతుంది. మన సినిమాల్లో "ఆపండి!" అని ఎవడో కేకేస్తే ఈలలు వేస్తాం కదా, ఆ పీటల మీద కూర్చున్న రెండోవాడి గురించి ఎప్పుడైనా బెంగపెట్టుకున్నామా? ఇక్కడ కనీసం గుద్దే హక్కు ఇచ్చారు.

మ్యాట్నీషో:
అతనికి డౌటు ఆ ఉదయం పుట్టింది కాదండీ. కారీ అంటే ఇష్టమని మొదటి పెళ్లి నుంచీ తెలుసు. మరి హెన్రియెట్టాకి మాట ఎందుకిచ్చాడు? ఒంటరిగా మిగిలిపోతానేమోనన్న భయంతో. ఆ భయం ఖరీదు ఆమె కట్టింది.

లా_పాయింట్:
ఆ సీన్లో ఒక సంగతి గమనించండి. ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉందా అని పాస్టర్ అడుగుతాడు. ఇంగ్లండ్‌లో ఆ ప్రశ్న చట్టపరమైన అడ్డంకుల కోసం: ముందే పెళ్లయి ఉండటం, దగ్గరి రక్తసంబంధం, వయసు చాలకపోవడం, ఇలాంటివి. "వరుడు వేరే అమ్మాయిని ప్రేమిస్తున్నాడు" అనేది అందులో లేదు. కాబట్టి చార్లెస్ తోడబుట్టినవాడు డేవిడ్ లేవనెత్తిన ఆ అభ్యంతరం చెల్లదు. పెళ్లిని ఆపింది చార్లెస్ నోటి నుంచి వచ్చిన జవాబే.

ఇంకోటి, మాట తప్పినందుకు నష్టపరిహారం కోరే దావా ఒకప్పుడు అక్కడ ఉండేది. 1970 చట్టంతో తీసేశారు, 1971 జనవరి 1 నుంచి అది లేదు. అంటే హెన్రియెట్టా కోర్టుకి వెళ్లడానికి కూడా లేదు. అదే చట్టం ప్రకారం నిశ్చితార్థపు ఉంగరం కానుక కిందే లెక్క, కాబట్టి మామూలుగా తిరిగి ఇవ్వక్కర్లేదు. ఆమెకి మిగిలింది అదీ, ఆ గుద్దూను.

కోటప్పకొండ_కుర్రాడు:
మాది సీఎస్ఐ. మా చర్చిలో కూడా పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు, పెళ్లి రోజు అదే ప్రశ్న అడుగుతారు. ఆ క్షణంలో హాల్లో వచ్చే నిశ్శబ్దం ఉందే, కన్నవాళ్లకి బీపీ పెరిగిపోతుంది. అందుకే ఆ సీన్ చూస్తే నాకు నవ్వు కంటే టెన్షనే ఎక్కువ. డేవిడ్ బల్ల మీద దబదబా కొట్టగానే గుండె జారిపోతుంది.

ఈస్ట్‌హామ్_పిల్ల:
అవును, డేవిడ్ గురించి మాట్లాడాల్సిందే. చార్లెస్‌కి తోడబుట్టినవాడు, చెవులు వినపడవు, చేతులతోనే మాట్లాడతాడు. వేసిన డేవిడ్ బోవర్ నిజంగానే బధిరుడు. ఆ సీన్ కట్టిన తీరు చూడండి. డేవిడ్ సైగలు చేస్తుంటే పాస్టర్‌కి వాటిని పైకి చెప్పాల్సింది చార్లెసే. తన మీద నేరారోపణ తనే తన గొంతుతో చదవాలి! వేరే అమ్మాయిని ప్రేమిస్తున్నావా అని పాస్టర్ అడిగిన చివరి ప్రశ్న దగ్గర తప్పించుకోవడానికి అవకాశం ఉంది, అబద్ధం చెప్పినా అక్కడ పట్టుకునేవాళ్లు లేరు. అయినా "అవును" అన్నాడు. నా లెక్కలో సినిమా మొత్తంలో చార్లెస్ చేసిన ఒకే ఒక్క ధైర్యమైన పని అది. హెన్రియెట్టాకి అన్యాయం చేసింది ఆ "అవును" కాదు, అంతకుముందు నెలల తరబడి నోరు మూసుకుని ఉండటం.

అయితే మీరంతా కారీ, హెన్రియెట్టా అని కొట్టుకుంటున్నారు గానీ, ఈ సినిమాలో నిజమైన దాంపత్యం ఆ స్నేహితుల గుంపులోని ఇద్దరు మగవాళ్లు, మాథ్యూ, గారెత్‌లది. గారెత్ కారీ పెళ్లి విందులోనే కుప్పకూలి చనిపోతాడు. అంత్యక్రియల్లో మాథ్యూని పిలిచింది ఆత్మీయ మిత్రుడిగా. అతను కవి ఆడెన్ రాసిన పద్యం చదువుతాడు. తర్వాత చార్లెసే అంటాడు, మనమంతా పెళ్లి కానివాళ్లమని గొప్పలు పోయాం, మనలో ఇద్దరికి ఎప్పుడో పెళ్లయిపోయిందని గమనించనేలేదని. అప్పట్లో వాళ్లకి చట్టం ఏ పేరూ ఇవ్వలేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో స్వలింగ వివాహాలు మొదలైంది 2014 మార్చిలో, అంటే సినిమా వచ్చిన ఇరవై ఏళ్లకి.

గోదారిగట్టు:
అక్కా, టాపిక్ దారి తప్పింది కానీ పాయింట్ బాగుంది. అదే గుంపులోని ఫియోనా మాటేంటి మరి? చార్లెస్‌ని చూసిన మొదటి క్షణం నుంచీ ప్రేమించానని ఎంత మామూలుగా చెబుతుందో! ఆ పాత్ర వేసిన క్రిస్టిన్ స్కాట్ థామస్‌కి బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టా ఊరికే రాలేదు. నా ఓటు ఆవిడకే. కారీలో ఏం చూశాడో నాకిప్పటికీ అర్థం కాదు.

ఈస్ట్‌హామ్_పిల్ల:
ఫియోనా కోసమే మళ్లీ చూసేవాళ్లు చాలామంది. 2019లో రెడ్ నోజ్ డే అనే విరాళాల కార్యక్రమం కోసం తీసిన చిన్న సీక్వెల్లో చార్లెస్ కూతురికీ ఫియోనా కూతురికీ పెళ్లి చేశారు. పాత బాకీ అలా తీర్చారేమో.

లా_పాయింట్:
మరి హెన్రియెట్టానీ వదిలేయలేదు కదా. ఫస్ట్ పార్ట్ చివర్లో వచ్చే ఫోటోల్లో ఆమెకీ పెళ్లవుతుంది, పక్కన సైనికాధికారి.

మ్యాట్నీషో:
ఒక్క ఫోటోతో సరిపెట్టారనే కదా నా బాధ! చార్లెస్, కారీలకి వాన, సంగీతం, పెళ్లి కాకుండానే జీవితాంతం కలిసి ఉందామనే ఒప్పందం. ఈమెకి రెండు సెకన్ల ఫోటో. సరే, ఇది చెప్పండి. ఆ సైనికాధికారితో పెళ్లికి హెన్రియెట్టా ఈ గుంపులో ఎవరికి కార్డు పంపి ఉంటుంది? నేనైతే డేవిడ్‌కి మాత్రమే అంటాను.