గుడ్రూన్ చెప్పిన ఒక్క వాక్యం: ఆ "వారు" ఎవరు?

"థేమ్ వర్ ఎక్ వెర్స్త్, ఎర్ ఎక్ ఉన్న మెస్త్."

లాక్స్‌డేలా సాగా దాదాపు ముగిసే చోట వస్తుందీ వాక్యం. ఐస్‌లాండ్‌లో 13వ శతాబ్దంలో రాసిన కథ, రాసినవారి పేరు తెలియదు. ఇక్కడ తిక్కన గారు పద్యాలు చెబుతున్న కాలంలోనే అక్కడ వాళ్ళు ఇంత పెద్ద కథని చక్కటి వచనంలో రాసుకున్నారు. నా తెలుగు ఇది: "అందరికన్నా ఎక్కువగా ఎవరిని ప్రేమించానో, వారి విషయంలోనే అందరికన్నా చెడ్డదాన్నయ్యాను."

మాట గుడ్రూన్‌ది. నలుగురిని పెళ్ళాడి, ముసలితనంలో హెల్గాఫెల్‌లో సన్యాసినిగా ఉంటోంది. కొడుకు బొల్లి వచ్చి అడుగుతాడు, "అమ్మా, నువ్వు ఎవరిని ఎక్కువగా ప్రేమించావు?" అని. ఆమె భర్తల గుణాలు చెబుతుంది. థోర్కెల్ అందరిలో పెద్ద నాయకుడు, బొల్లి (ఈ కొడుకు తండ్రి, ఇద్దరిదీ ఒకే పేరు) అన్ని విధాలా ఉత్తముడు, థోర్ద్ తెలివైనవాడు, చట్టం బాగా తెలిసినవాడు, థోర్వాల్డ్ లెక్కలోకే రాడు. కొడుకు వదలడు. ఎలాంటివాళ్ళో చెప్పావు గానీ ఎవరిని ప్రేమించావో చెప్పలేదంటాడు. అప్పుడు వస్తుందీ మాట. పేరు లేదు.

వెనక కథ తెలిస్తే గానీ ఇది గుచ్చుకోదు. క్యార్తన్ అనే యువకుడు గుడ్రూన్‌కి సన్నిహితుడు. అతనూ తండ్రి బొల్లీ ఒకే ఇంట్లో పెరిగారు. క్యార్తన్ నార్వే వెళ్తూ గుడ్రూన్‌ని మూడేళ్ళు ఆగమన్నాడు. తనూ వస్తానంది గుడ్రూన్, అతను ఒప్పుకోలేదు, ఆమె మాటివ్వలేదు. బొల్లి ముందు తిరిగొచ్చి, క్యార్తన్‌కి రాజుగారి చెల్లెలితో స్నేహమని చెప్పి, చివరికి గుడ్రూన్‌ను తనే పెళ్ళాడాడు. క్యార్తన్ తిరిగొచ్చాక పగలు పెరిగాయి. గుడ్రూన్ రెచ్చగొట్టగా బొల్లి క్యార్తన్‌ను చంపాడు. క్యార్తన్ ఆయుధం పారేసి, బొల్లి ఒడిలోనే ప్రాణం విడిచాడు.

ఇంటికొచ్చిన బొల్లితో గుడ్రూన్ అంటుంది: "నేను పన్నెండు మూరల నూలు వడికాను, నువ్వు క్యార్తన్‌ను చంపావు." ఇవాళ రాత్రి క్యార్తన్ భార్య హ్రెఫ్నా నవ్వుతూ పడుకోదు, అదే తనకు ముఖ్యమని కూడా అంటుంది. బొల్లి కోపంగా, ఈ వార్తకి ఆమె ముఖం నీకంటే ఎక్కువ పాలిపోతుందని నేననుకోను అంటాడు. గుడ్రూన్ ముఖం పాలిపోయిందని మనకు తెలిసేది అతని నోటి నుంచే. కథకుడు ఒక్క ముక్క చెప్పడు. వంశాలు చెబుతాడు, పొలాలు, తీర్పులు, ఈటె దెబ్బలు అన్నీ చెబుతాడు, మనసు మాత్రం విప్పడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఈ కథలు ఇప్పటికీ మనల్ని పట్టుకోవడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే. ఆ ఖాళీలో మనమే కూర్చుని ఆలోచించాలి.

ఇక వ్యాకరణం. "థేమ్" పుంలింగ ఏకవచనంలోనూ, బహువచనంలోనూ అదే రూపం. అంటే "అతనికి" కావచ్చు, "వాళ్ళకి" కావచ్చు. మన "వారు" కూడా ఒకరికి గౌరవంగానూ, పలువురికీ చెల్లుతుంది కాబట్టి దాన్నే వాడాను. "అతని" అంటే ఒక్కడే అని మనమే తీర్పు చెప్పేసినట్టు.

ఒక సభ్యురాలి స్పందన: అడిగింది బొల్లి కొడుకు కదండీ. అతను కడుపులో ఉండగానే తండ్రిని చంపేశారు. కలిసి పెరిగినవాడిని బొల్లి చేత చంపించింది ఈవిడే. ఆ అన్యాయం చిన్నదా? "మీ నాన్ననే" అని ఎందుకు అనుకోకూడదు?

నా జవాబు: అనుకోవచ్చమ్మా, వాక్యం ఒప్పుకుంటుంది. నాకు మాత్రం క్యార్తనే అనిపిస్తుంది. భర్తలందరినీ, బొల్లితో సహా, పేరు పెట్టే చెప్పింది. అతని గురించే అయితే మళ్ళీ ఆ పేరు అనడానికి అడ్డేముంది? ఆ జాబితాలో లేని మనిషి ఒక్కడే ఉన్నాడు.