అమ్మంగదేవి రాజరాజ నరేంద్రుడికి ఏమవుతుంది?

నిన్న ఒక పోస్టులో "రాజరాజ నరేంద్రుడు తన మేనకోడలు అమ్మంగదేవిని పెళ్లాడాడు" అని చదివాను. అది తప్పు. ఆమె మేనకోడలే, కాకపోతే ఆయనకు కాదు, ఆయన తల్లికి.

వరస చూడండి. వేంగి రాజు విమలాదిత్యుడి భార్య కుందవ, తంజావూరు రాజరాజ చోళుడి కూతురు, రాజేంద్ర చోళుడి తోబుట్టువు. ("పొన్నియిన్ సెల్వన్" సినిమాలో మనం చూసిన కుందవై ఈమె కాదు. ఆమె రాజరాజ చోళుడి అక్క, అంటే ఈ కుందవకు మేనత్త. పేరు ఒకటే కావడంతో చాలామంది కలిపేస్తారు.) కుందవ కొడుకే 1022లో పట్టాభిషేకం జరిగిన రాజరాజ నరేంద్రుడు. నన్నయ ఆయన్ని "విమలాదిత్య తనూజుఁడు" అని తండ్రి పేరుతో చెప్పాడు. తల్లి వంశం తెలియాలంటే రాగిశాసనాలు తిరగెయ్యాలి. ఆయన పెళ్లాడిన అమ్మంగ రాజేంద్ర చోళుడి కూతురు. మేనమామ కూతురు, అంటే మరదలు. అచ్చమైన మేనరికం.

నాకు ముచ్చటేసింది ఆ "మేన" అనే ముక్క. అమ్మంగకు కుందవ పుట్టుకతో మేనత్త, పెళ్లితో అత్త. కుందవకు ఈమె మేనకోడలు, తర్వాత కోడలు. నరేంద్రుడికి రాజేంద్రుడు మేనమామ, ఆపైన మామ. పెళ్లి జరిగితే "మేన" రాలిపోతుంది, మిగతా మాట అలాగే ఉంటుంది. ఎవరికి ఎవర్ని ఇవ్వొచ్చో మాటల్లోనే ముందుగా రాసిపెట్టుకున్నట్టుంది!

అమ్మంగ కొడుకు రాజేంద్రుడు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. అతని భార్య మధురాంతకి, అమ్మంగ సోదరుడు రెండో రాజేంద్రుడి కూతురు. మళ్లీ మేనరికమే. చెల్లూరు శాసనం ఈ మూడు పెళ్లిళ్లూ చెబుతుంది, కానీ సంస్కృతంలో ఫలానావారి కూతురు, ఫలానావారి చెల్లెలు అని విడివిడిగా చెప్పుకుంటూ పోతుంది. మనకైతే ఒక్క మాటతో సరి.

— అమ్మంగ వైపు నుంచి చూస్తే మేనత్త కొడుకు కదండీ? ఎదురు మేనరికం అనాలేమో?

— లేదండీ, మా వైపు పెళ్లికొడుకును బట్టే లెక్క. మేనమామ కూతుర్ని చేసుకుంటే మేనరికం, మేనత్త కూతుర్ని చేసుకుంటే ఎదురు మేనరికం. ఇక్కడ రెండుసార్లూ మొదటిదే.

— "రికం" ఎక్కడిది?

— చుట్టరికం, పెద్దరికం, పేదరికంలో ఉన్నదే. ముందున్న "మేన"ను శరీరం అనే అర్థంలో "మేను"తో కలుపుకోవచ్చనిపిస్తుంది, రక్తసంబంధం కాబట్టి. ఇది నా ఊహ మాత్రమే, గట్టిగా పట్టుకోకండి.

— అంతా బాగుంది కానీ, పిలుపు మారుతుందా? మా అమ్మది మేనరికమే. నాయనమ్మను పెళ్లికి ముందూ "అత్తయ్యా" అనేది, తర్వాతా "అత్తయ్యా" అనేది. బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం "మా మేనత్త" పోయి "మా అత్తగారు" వచ్చింది.