ప్లస్ త్రీకి వెళ్తున్న అమ్మాయికి ట్యాబా, ల్యాప్‌టాపా?

వంశధార, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి బరంపురంలో ప్లస్ త్రీ (మా ఒడిశాలో డిగ్రీని అలాగే అంటాం) కామర్స్ సీటు వచ్చింది. హాస్టల్లో ఉండాలి. ఇన్నాళ్లూ నా పాత ఫోన్‌తోనే నెట్టుకొచ్చింది, ఇక తనకంటూ ఒకటి కొనివ్వాలి. చేతిలో 35 వేలున్నాయి, గట్టిగా గుంజితే నలభై. తనేమో ట్యాబ్ అంటోంది. పెన్నుతో నోట్సు రాసుకోవచ్చట, బరువుండదట. వాళ్లమ్మ ల్యాప్‌టాప్ అంటోంది, ఎందుకంటే ఎదురింటి అబ్బాయికి ఉంది. మా అమ్మ ఫోన్లో ట్యాబ్ బొమ్మ చూసి, "పలకే కదరా, ఒకటో క్లాసులో కొన్నాం కదా, మళ్లీ ఎందుకు?" అంది.

నాకు రెండింటి గురించీ అంతంత మాత్రమే తెలుసు. చదువుతున్నవాళ్లు, చదివిస్తున్నవాళ్లు మీకు ఎదురైనవి చెప్పండి. కంపెనీల పేర్లు అక్కర్లేదు, ఆ సంగతి షాపువాడు ఎలాగూ చెప్తాడు.

గోపాల్‌పూర్ గాలి, బరంపురం

అంకుల్, నేను ఎంకేసీజీలో ఎంబీబీఎస్ మూడో ఏడు. నా ఓటు ట్యాబ్‌కే. చేరిన కొత్తలో నాన్న 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ కొన్నారు. చార్జర్‌తో కలిపి రెండు కిలోల పైమాటే. వారం మోశాను, ఆ తర్వాత అది మంచం కింద సూట్‌కేసులోకి పోయింది. పండక్కి ఇంటికి తీసుకెళ్తే నాన్న దాని మీద దుమ్ము చూసి ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మా చదువంతా బొమ్మలూ పీడీఎఫ్‌లే. ట్యాబ్‌లో అనాటమీ బొమ్మ తెరిచి, ధమనిని ఎర్రగా, సిరను నీలంగా దిద్దుకుని, పక్కన సార్ చెప్పిన ముక్క నా రాతలోనే రాసుకుంటాను. పరీక్ష ముందు రోజు అదే చాలు. అర కిలో బరువు, వార్డుకి వెళ్లేటప్పుడు ఏప్రాన్ మీద సంచిలో పడి ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. చవక ట్యాబ్‌లు చాలావాటికి అసలు పెన్ను ఉండదు. రబ్బరు మొన ఉన్న వంద రూపాయల పెన్నులు అమ్ముతారు, అవి వేలితో గీసినట్టే. రాస్తూ అరచెయ్యి తెర మీద ఆనిందంటే అక్కడా గీతలు పడతాయి. పెన్ను డబ్బాలోనే వస్తుందా, విడిగా కొనాలా, కొంటే ఎంత? ఇది ముందే అడగండి. కొన్నింటికి పెన్నూ కీబోర్డూ కలిపితే ఇంకో ట్యాబ్ ధర అవుతుంది.

బొగ్గుబాయి, బల్లార్షా

డాక్టరమ్మ మాట డాక్టర్లకి చెల్లుతుంది అన్నా. నేను నాగపూర్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివాను. మా బ్యాచ్‌లో ఒకతను కీబోర్డు కవర్‌తో సహా ఖరీదైన ట్యాబ్ తెచ్చాడు. మొదటి సెమిస్టర్ అంతా వాడే హీరో. రెండో ఏడు ఆటోక్యాడ్ మొదలయ్యాక వాడి కష్టాలు మొదలయ్యాయి. ఆటోక్యాడ్ అసలుది విండోస్ మీదో మ్యాక్ మీదో నడుస్తుంది. ట్యాబ్‌లో ఉండే యాప్‌తో డ్రాయింగ్ చూడొచ్చు, కాస్త సవరించొచ్చు, ప్లాన్ మొత్తం గీయడం మాత్రం నరకం. ఆ తర్వాత స్టాడ్ (కట్టడం బరువు తట్టుకుంటుందో లేదో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) వచ్చింది, అదైతే విండోస్ తప్ప ఇంకో మాట వినదు. పాపం రాత్రి పదకొండింటికి నా గదికి వచ్చి, "నువ్వు పడుకున్నాక వాడుకుంటా" అనేవాడు. నేను నిద్రపోతే కదా!

మీ అమ్మాయిది కామర్స్ కాబట్టి టాలీ, అదే జమాఖర్చులు రాసే సాఫ్ట్‌వేర్, దాని గురించి ఆలోచించండి. టాలీ ప్రైమ్ కూడా విండోస్‌దే, ట్యాబ్‌లో ఎక్కదు. డబ్బు కట్టకుండా నేర్చుకోడానికి అందులోనే ఎడ్యుకేషన్ మోడ్ ఉంది. దాదాపు అన్ని మెనూలూ పనిచేస్తాయి కానీ ఎంట్రీలు నెలలో 1, 2, 31 తేదీలకే వేయనిస్తుంది. నేర్చుకోడానికి అది చాలు. కాలేజీ సిలబస్ పీడీఎఫ్ తెరిచి, ప్రాక్టికల్ పేపర్లలో ఏ సాఫ్ట్‌వేర్ పేర్లున్నాయో చూసి అప్పుడు షాపుకెళ్లండి.

వంశధార, పర్లాకిమిడి

టాలీ సంగతి నా బుర్రకే తట్టలేదు తమ్ముడూ, థాంక్స్. సిలబస్ తెరిచాను. కంప్యూటర్ అకౌంటింగ్ ఉంది, ఎక్సెల్ ఉంది. అమ్మాయికి చూపిస్తే "అవి ల్యాబ్‌లో చేయిస్తారు నాన్నా" అంది. అది నిజమేనా?

మహేంద్రగిరి, బరంపురం

నిజమే అంకుల్, సగం. నేను ప్లస్ త్రీ కామర్స్ ఆఖరి ఏడు, హాస్టల్ అమ్మాయినే. మా కాలేజీలో ల్యాబ్ ఉంది, అందులో నడిచే కంప్యూటర్లకన్నా మేమే ఎక్కువ. ఒక్కో సిస్టమ్‌కి ముగ్గురం. కీబోర్డు ముందున్న అమ్మాయికి టాలీ వస్తుంది, వెనక నిలబడ్డ ఇద్దరికీ టాలీ ఎలా ఉంటుందో వస్తుంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. అకౌంట్స్ పరీక్ష పెన్నుతో కాగితం మీదే. జర్నల్, లెడ్జర్, బ్యాలెన్స్ షీట్ అన్నీ గీతలు గీసి చేత్తో వేయాలి. అందుకే నేను తెల్లకాగితాల కట్ట కొనుక్కుని దాని మీదే సాధన చేస్తాను. పెన్ను ట్యాబ్ ఉన్న నా రూమ్‌మేట్ మొదట్లో అందులోనే లెడ్జర్లు వేసింది. తప్పు పడితే వేలితో తుడిచేస్తే పోతుంది కదా! తీరా పరీక్షలో కొట్టివేతలతో పేపరంతా నల్లబడింది, టైమూ చాల్లేదు. ఇప్పుడు తనూ నా కాగితాల్లోంచే చింపుకుంటోంది.

ట్యాబ్‌లో ఎక్సెల్ చూడ్డానికి బాగానే ఉంటుంది. ఫార్ములా రాసి కిందికి రెండొందల వరసలు లాగమనండి, తెలుస్తుంది.

కొలాబ్ ఒడ్డు, జయపురం

నాది వేరే గోల. ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యలో ఎం.ఏ. తెలుగు చేశాను. ఇక్కడ కోరాపుట్ జిల్లాలో ఉంటూ తెలుగు పుస్తకాలు కావాలంటే స్కాన్ చేసిన పాత ప్రతులే దిక్కు. ఫోన్లో ఒక్కో పేజీని చిటికెలతో పెద్దది చేసుకుని చదివి కళ్లు పోగొట్టుకున్నాను. 11 అంగుళాల ట్యాబ్ కొన్నాక పేజీ పుస్తకమంత కనిపించింది. చదవడానికి దాన్ని మించింది లేదు. రాయడానికీ మొదట్లో మురిసిపోయాను. మైకు బొమ్మ నొక్కి తెలుగులో చెప్తుంటే అదే టైపు చేసేస్తోంది! వ్యాసం ముప్పావు వంతు వంటింట్లో పప్పు ఉడుకుతుండగా చెప్పి రాయించాను. కుక్కర్ విజిల్ ఒక్కటే దానికి అర్థం కాలేదు.

చిక్కంతా చివర్లో వచ్చింది. వర్డ్ యాప్ 10.1 అంగుళాల లోపు తెరల మీదే ఉచితంగా దిద్దనిస్తుంది, అది దాటితే ఏటేటా డబ్బు కట్టాలి. నాది 11. ఆ అంగుళం కూడా లేని తేడాకి ఫైలు చదవనిచ్చింది, రాయనివ్వలేదు. సరే, గూగుల్ డాక్స్‌లో పూర్తిచేసి ప్రింటుకి తీసుకెళ్తే డీటీపీ అతను, "ఇది యూనికోడ్ అమ్మా, మాకు అను ఫాంట్‌లో కావాలి" అన్నాడు. ఫోన్లలో, నెట్లో కనిపించే తెలుగు యూనికోడ్, అచ్చు పనివాళ్లు వాడే అను వేరే పాత పద్ధతి. అతని దగ్గరుంది పాత పేజ్‌మేకర్ (పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్), అందులో యూనికోడ్ తెలుగు నిలవదు. మార్పిడి చేయిస్తే ఒత్తులు కొన్ని ఎగిరిపోయాయి. "విద్వత్తు" కాస్తా "విదవతు" అయింది. మూడు రాత్రులు కూర్చుని దిద్దాను, అదీ మా ఆడపడుచు ల్యాప్‌టాప్ అరువు తెచ్చుకుని. కామర్స్ పిల్లకి ఈ బాధ ఉండదనుకోండి. కానీ చివరి ఏడు ప్రాజెక్టు రిపోర్టు ఉంటుంది. విషయసూచిక, పేజీ నంబర్లు, పట్టికలు పెట్టాల్సి వచ్చినప్పుడు కీబోర్డూ మౌసూ ఉన్న పెట్టె కావాల్సిందే.

ప్రాణహిత, సిరొంచ

అన్నా, మాది గోదావరి దాటితే కాళేశ్వరం, ఇటు చూస్తే మా జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. ఇక్కడి నుంచి చెప్పేది వినండి. అందరూ ల్యాప్‌టాప్ అంటున్నారు, ఏ ల్యాప్‌టాప్ అన్నది ఎవరూ చెప్పట్లేదు.

మా తమ్ముడికి ఆన్‌లైన్‌లో ఆఫర్ చూసి 19 వేలకి కొన్నాను. సన్నగా, తేలిగ్గా, చూడముచ్చటగా ఉంది. లోపల 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. ఆ 64లో విండోస్ సగం తినేసింది. మూడు నెలలకి అప్‌డేట్ వచ్చింది, చోటు చాలదంది. తమ్ముడు ఫొటోలు తీసేశాడు, చాలదంది. పాటలు తీసేశాడు, చాలదంది. చివరికి మా చెల్లి పెళ్లి వీడియో కూడా తీసేశాడు, ఇంట్లో గొడవైంది, అప్‌డేట్ మాత్రం ఎక్కలేదు. ఆ స్టోరేజీ బోర్డు మీదే అతికి ఉంటుంది, మార్చడానికి లేదు. దానికన్నా ట్యాబ్ వెయ్యి రెట్లు నయం. కొంటే 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నదే కొనండి. 256 అయినా సర్దుకోవచ్చు, అంతకు తగ్గొద్దు.

కరెంటు సంగతి కూడా. వానాకాలంలో మాకు పోయిందంటే ఎప్పుడొస్తుందో ఆ గోదారమ్మకే తెలియాలి. ట్యాబ్‌కి మామూలు పవర్ బ్యాంక్‌తో చార్జింగ్ ఎక్కించుకోవచ్చు. ల్యాప్‌టాప్ చార్జర్ 45, 65 వాట్లు అడుగుతుంది, మామూలు పవర్ బ్యాంక్ దాని ముందు చాలదు. టైప్ సి నుంచి చార్జింగ్ తీసుకునే మోడల్ అయితే కాస్త మేలు. బరంపురం హాస్టల్లో ఇంత బాధ ఉండదేమో గానీ, గదికి ప్లగ్గులెన్నో కనుక్కోండి.

మాస్టారు, కిన్వట్

ఇంకో దారి చెప్తాను, నచ్చితేనే. 35 వేలకి కొత్త ల్యాప్‌టాప్ అంటే చాలాసార్లు ఏదో ఒకదాంట్లో కోత పడుతుంది. తెర పేలవంగా ఉండటమో, మూత కీలు పెళుసుగా ఉండటమో. ఆఫీసుల్లో వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లను బాగుచేసి వారంటీతో అమ్ముతారు. రూపు మోటుగానే ఉంటుంది, కీబోర్డు మాత్రం టైపిస్టు వేళ్లకి సరిపోయేలా ఉంటుంది. మా బడి పిల్లలకి నేను నాలుగు కొనిపించాను. మూడు బాగున్నాయి. నాలుగోది బ్యాటరీ నలభై నిమిషాలే ఉంటోంది, అది నేను చూసుకోకపోవడం వల్ల.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే కుదురుతుంది. అందుకే ఆరు, ఏడు తరాలవి ఇప్పుడు గుట్టలుగా, చవగ్గా వస్తున్నాయి. చవక అని మోసపోవద్దు. కొనేముందు మూత పదిసార్లు తెరిచి మూయండి, కిర్రుమంటే వదిలేయండి. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి మీటా నొక్కండి. తెరను పక్కనుంచి చూడండి, రంగులు వెలిసిపోతే రోజుకి నాలుగు గంటలు చూసే పిల్లకి ఇబ్బందే.

గోపాల్‌పూర్ గాలి, బరంపురం

నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. కామర్స్‌కి ల్యాప్‌టాపే. కానీ అంకుల్, పెద్ద తెరది వద్దు, 14 అంగుళాలది చూడండి. లేకపోతే అదీ సూట్‌కేసులోకే.

బొగ్గుబాయి, బల్లార్షా

ఆ సూట్‌కేసులో ఉన్నది అమ్మేస్తారా డాక్టరమ్మా? మా తమ్ముడికి కావాలి.

గోపాల్‌పూర్ గాలి, బరంపురం

నాన్ననడగాలి. అడిగే ధైర్యం లేదు.

వంశధార, పర్లాకిమిడి

పది రోజుల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి. మాస్టారి మాట విన్నాం. బరంపురంలోనే వాడిన ల్యాప్‌టాప్ ఒకటి దొరికింది, పదో తరం, 8 జీబీ, 512, 14 అంగుళాలు, ఏడాది వారంటీ. 26 వేలయింది. మూత పదిసార్లు తెరిచి మూస్తుంటే షాపు కుర్రాడు నా వైపు అదోలా చూశాడు. బ్యాటరీ మూడు గంటలు వస్తోంది. మిగిలిన డబ్బులో అమ్మాయి మంచి బ్యాగు కొనుక్కుంది, తతిమ్మాది వచ్చే ఏడాది ట్యాబ్ కోసం దాస్తానంది. ట్యాబ్ మీద మనసు చావలేదు, నేనూ చంపదలచుకోలేదు. అన్నట్టు తెల్లకాగితాల కట్ట కూడా కొన్నాం, మహేంద్రగిరి పాపకి చెప్పండి.

టాలీ ఎక్కించుకుని మొన్న రాత్రి సాధన కోసం మా ఇంటి పాల లెక్క వేసింది. రోజుకి లీటరు, నెల మొత్తం. బొగ్గుబాయి తమ్ముడు చెప్పిన ఆ తేదీల గొడవ వల్ల ముప్పై లీటర్లూ ఒకటో తారీఖునే పడ్డాయి. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని తెరలోకి చూసి, "నెల పాలన్నీ ఒక్కరోజే పోసి వెళ్లాడా వాడు? రేపు రానీ, అడుగుతాను" అంది. పొద్దున్నే నిజంగానే గుమ్మంలో కూర్చుంది.