మాక్రో ఫొటోలకి లైటు: ఇంట్లో చేసుకున్నది చాలదా?

వంశధార ఒడ్డు (నరసన్నపేట)

తొలకరి పడగానే మా గట్టు మీద ఆరుద్ర పురుగులు బయటికొచ్చాయి. చిన్నవాటిని దగ్గర్నించి పెద్దగా తీసే మాక్రో లెన్సు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాక జేబు ఖాళీ అయింది. అందుకని లైటు నేనే చేసుకున్నా. 1 వాట్ ఎల్ఈడీలు మూడు వరసగా కలిపి, అల్యూమినియం గిన్నె మూతకి అంటించి, మందు కొట్టే స్ప్రేయర్‌లోని 12 వోల్టుల బ్యాటరీకి పెట్టా. మొదటిరోజే రెసిస్టరు మాడి కంపు కొట్టింది. మార్చాక వెలిగింది. ముందు ట్రేసింగ్ పేపరు కట్టా.

ఫొటోలో పురుగు మసకగా ఉంది. పైగా పట్టులా మెరిసే ఆ ఎరుపు కాస్తా ఇటుక రంగులో వచ్చింది. ఫ్లాష్ కొంటేగాని మాక్రో రాదంటాడు మా ఫ్రెండు. డబ్బున్నవాళ్లకే ఈ ముచ్చటా? మీరేమంటారు?

గంటస్తంభం సెంటర్ (విజయనగరం)

మీ ఫ్రెండు చెప్పింది సగం కరెక్టు తమ్ముడూ. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్ల ఫొటోలు తీస్తున్నాను, సెలవు రోజుల్లో పురుగుల వెంట పడతాను. కొనాల్సింది ఫ్లాష్ ఒక్కటే. వెలుగుని మెత్తగా పరిచేందుకు దాని ముందు పెట్టే డిఫ్యూజరు, అదే నీ ట్రేసింగ్ పేపరులాంటిది, మాత్రం ఇంట్లోనే చేసుకో, దానికి రూపాయి కూడా ఖర్చు పెట్టకు.

1:1 దగ్గర, అంటే పురుగు సెన్సరు మీద దాని అసలు సైజులోనే పడేటప్పుడు, లెన్సు కంత ఎఫ్11 పెట్టావనుకో, సెన్సరుకి చేరే వెలుగు ఇంకా చిన్న కంత ఎఫ్22 పెట్టినట్టే ఉంటుంది, అంటే నాలుగో వంతు. మూడు వాట్ల లైటుతో అది సరిపోక షట్టరు 1/60 సెకనుకి దించి ఉంటావు. పురుగు సెకనుకి ఒక సెంటీమీటరు నడిచినా, ఆ 1/60లో 0.17 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. 24 మెగాపిక్సెళ్ల చిన్న సెన్సరు మీద అది సుమారు నలభై పిక్సెళ్లు. ఇంకెక్కడి షార్ప్‌నెస్? అదే ఫ్లాష్‌ని 1/32 పవర్లో పెడితే వెలుగు సుమారు 1/10000 సెకనులో వచ్చి పోతుంది. ఆలోగా పురుగు పిక్సెల్ దూరం కూడా కదలదు.

బొబ్బిలి కోట

మాస్టారూ, అందరినీ ఒకే గాటన కట్టకండి. నేను పురుగుల్ని తియ్యను. బుడితి కంచు బొమ్మలు, విత్తనాలు, వీణ మెట్లు తీస్తాను. అవి కదలవు. ట్రైపాడ్ మీద పెట్టి, ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ ముప్పై ఫ్రేములు తీసి, బొమ్మంతా స్పష్టంగా వచ్చేలా కలుపుతాను. వెలుగు ఎక్కడ పడుతోందో కళ్లారా చూసుకుంటూ సర్దుకోవచ్చు. ఫ్లాష్‌తో అయితే ప్రతిసారీ కొట్టి చూడాలి. చేసుకున్న లైటు ఎందుకూ పనికిరాదన్నట్టు మాట్లాడితే ఎలా?

గంటస్తంభం సెంటర్

నేనెక్కడన్నాను? కదిలేవాటి గురించే చెప్పాను. మీ బొమ్మలకి ఎల్ఈడీయే మేలు. ఆ కుర్రాడు అడిగింది మాత్రం ఆరుద్ర పురుగు గురించి.

ఉద్దానం జీడితోట

ఇక్కడ ఎవరూ మాట్లాడని సంగతి ఆ ఇటుక రంగు. తమ్ముడూ, చవక తెల్ల ఎల్ఈడీలో ముదురు ఎరుపు వెలుగు తక్కువగా ఉంటుంది. సీఆర్ఐ (రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో వందకి చెప్పే అంకె) 70 అని డబ్బా మీద రాసినవి చూసే ఉంటావు. లేని ఎరుపుని పురుగు వీపు ఎక్కణ్నించి తిప్పికొడుతుంది? కెమెరాలో రంగు ఛాయ సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఎంత తిప్పినా అది సరిగ్గా రాదు. మళ్లీ ఎల్ఈడీయే చెయ్యాలనుకుంటే సీఆర్ఐ 90 పైన ఉన్నవి అడిగి కొను. ఫ్లాష్ వెలుగు దాదాపు ఎండలాంటిదే కాబట్టి దానికి ఈ గొడవ లేదు.

ఇంకో సంగతి. గెంతే సాలీడు ఫొటో నీ లైటుతో తీసి కళ్లలోకి జూమ్ చేసి చూడు. ట్రేసింగ్ పేపరు లైటుకి మరీ దగ్గరగా కడితే ఒక్కో కంట్లో మూడేసి తెల్ల చుక్కలు కనిపిస్తాయి. పేపరుని లైటుకి దూరంగా జరిపి పురుగుకి దగ్గరగా తీసుకురా. అరచేతి వెడల్పు కాగితం పురుగుకి అయిదు సెంటీమీటర్ల దూరంలో ఉంటే దానికి ఆకాశమంత. అదే కాగితం అరమీటరు దూరం పోతే చిన్న బల్బే.

వంశధార ఒడ్డు

అన్నా, నిజంగానే చుక్కలున్నాయి! ఇన్నాళ్లూ ఆ సాలీడు కళ్లే అంతేమో అనుకున్నా. మరి ఫ్లాష్ కోసం పాతది ఒకటి చూశాను, చవగ్గా ఇస్తానంటున్నారు. బాగోకపోతే విప్పి రిపేరు చేసుకుంటే?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

ఆగు బాబూ, విప్పకు! రేడియోలు, టీవీలు బాగుచేస్తూ బతికినవాణ్ని, అనుభవం మీద చెబుతున్నా. లోపల కరెంటు దాచుకునే కెపాసిటరు సుమారు 300 వోల్టులు పట్టుకుని కూచుంటుంది, బ్యాటరీలు తీసేశాక కూడా. ఓసారి ఎవరిదో విప్పి, ఆరిపోయింది కదా అని వేలు పెట్టాను. బల్ల మీదున్న టీ గ్లాసు గోడకి తగిలింది. చెయ్యి సాయంత్రం దాకా నాది కాదు.

ఫిల్ము కాలంనాటి ఫ్లాష్ అయితే ఇంకో భయం. కొన్నింటిలో కెమెరాకి తగిలించే కాలి దగ్గర 200 వోల్టులు దాటి ఉంటాయి. నేటి కెమెరా మీద పెడితే దాని సర్క్యూటు పోయే ప్రమాదం ఉంది. ముందు మీటరుతో కొలిపించు.

నీ రెసిస్టరు ఎందుకు మాడిందో కూడా విను. నిండుగా చార్జయిన బ్యాటరీ 12.8 వోల్టులు. మూడు ఎల్ఈడీలు 9.6 తింటాయి. మిగిలిన 3.2ని ఆ ఎల్ఈడీలకి కావాల్సిన 0.35 ఆంపియర్లతో భాగిస్తే తొమ్మిది ఓములు, 10 ఓములది వేసుకో. అది వాట్ పైగా వేడి మింగాలి, కాబట్టి రెండు వాట్లది కావాలి. నువ్వు పావు వాట్‌ది పెట్టి ఉంటావు, అందుకే కంపు.

బొబ్బిలి కోట

గురువుగారూ, ఈ లెక్క నాకు ముందే తెలిస్తే నా బల్ల కూడా కాలేది కాదు.

పొందూరు మగ్గం

డిఫ్యూజరు దగ్గర నా వంతు. నాన్నగారి పాత పొందూరు ఖాదీ పంచెలోంచి జానెడు ముక్క కత్తిరించి, కమాను ఆకారంలో వంచిన తీగకి కట్టాను. ట్రేసింగ్ పేపరులా వానచినుక్కి ముడుచుకుపోదు, వెలుగు నీడల్లేకుండా పరుచుకుంటుంది.

గంటస్తంభం సెంటర్

ఏటండీ ఇది! వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, అంత సన్నంగా వడికి నేసిన గుడ్డని ఫ్లాష్‌కి కట్టారా? కొత్త సామాన్లకి చుట్టొచ్చే తెల్ల ఫోమ్ షీటు చాలదూ? పైగా కొండపత్తి గుడ్డలో గోధుమ ఛాయ ఉంటుంది, రంగు మారదా?

పొందూరు మగ్గం

పంచె చిరిగిపోయిందే లెండి, ఎలాగూ మసిగుడ్డ అయ్యేది. ఛాయ ఉన్న మాట నిజమే, ఫొటో కొంచెం వెచ్చగా వస్తుంది. అదే వెలుగులో ముందు ఓ తెల్లకాగితం ఫొటో తీసి, దానికి వైట్ బ్యాలెన్స్ కట్టుకుంటే పోతుంది. గుడ్డ ఛాయ ఏ రంగునీ పూర్తిగా మింగెయ్యదు, కొంచెం తగ్గిస్తుందంతే, కాబట్టి సరిచెయ్యొచ్చు. జీడితోటవారు చెప్పిన ఎల్ఈడీ లోపం అలాంటిది కాదు.

ఉద్దానం జీడితోట

ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తున్నా. ఖాదీకన్నా మాత్రం ఫోమ్ షీటుకే నా ఓటు, ఉతకక్కర్లేదు.

వంశధార ఒడ్డు

గంటస్తంభం అన్న తన దగ్గరున్న పాత ఫ్లాష్ ఆదివారం ఇస్తానన్నారు, మీటరుతో కొలిచాకే. డిఫ్యూజరుకి ఫోమ్ షీటూ ఖాదీ ముక్కా రెండూ తెచ్చి, ఒకే పురుగు మీద పక్కపక్కన తీసి ఇక్కడే పెడతా. ఎల్ఈడీ లైటు పారెయ్యను, గింజల ఫొటోలకి ఉంచుకుంటా. స్ప్రేయర్ బ్యాటరీ మాత్రం రేపు పొద్దున్నే నాన్నకి తిరిగిచ్చెయ్యాలి, వరికి మందు కొట్టాలట.