స్టార్ ట్రెక్ డిస్కవరీని మూడో సీజన్ నుంచి కొనసాగించవచ్చా?

1966లో మొదలైన తొలి స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష టీవీ సీరియల్‌ను ఎంతగానో అభిమానించే నాకు, 2017లో వచ్చిన డిస్కవరీ మొదటి రెండు సీజన్లు తీవ్ర నిరాశ కలిగించాయి. కథ తొలి సీరియల్‌కు సుమారు 10 ఏళ్ల ముందు జరుగుతుందంటూనే, క్షణాల్లో గెలాక్సీని దాటించే స్పోర్ డ్రైవ్ అనే నౌకా యంత్రాన్నీ, తొలి సీరియల్‌లోని ప్రధాన పాత్ర స్పాక్ అంతకుముందెన్నడూ ప్రస్తావించని పెంపుడు అక్కనూ, గుర్తుపట్టలేనంతగా మారిన క్లింగాన్లనే గ్రహాంతర జాతినీ తీసుకురావడం నాకు మింగుడుపడలేదు. అంతకన్నా బాధించినది, ఒక్కో ఎపిసోడ్‌లో ఒక్కో నైతిక ప్రశ్నను నిదానంగా చర్చించే పాత పద్ధతి కనుమరుగవడం. రెండో సీజన్ చివర డిస్కవరీ నౌక 900 ఏళ్లకు పైగా భవిష్యత్తులోకి వెళ్లిపోతుంది కనుక పాత కథతో వైరుధ్యాలు తగ్గవచ్చు. అయితే కథనం కూడా నెమ్మదించి, మిగతా సిబ్బంది పాత్రలకు తగిన చోటు దొరుకుతుందా? 2024లో ముగిసిన ఐదో సీజన్ దాకా చూసినవారు దయచేసి చెప్పగలరు. లేదంటే 2022లో మొదలైన మరో స్టార్ ట్రెక్ సీరియల్ స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్‌ను నేరుగా చూడటమే మేలా?